పాత ప్లాస్టిక్ రేసు కారు నమూనాల నిర్మాణము

ప్లాస్టిక్ రేసు కారు నమూనా అనగా పందెములలో పాల్గొన్న ఒక నిజమైన కారును నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, పాలిస్టైరీన్ ముక్కలను ఒకదానికొకటి అతికించి తయారుచేసే చిన్న ప్రతిరూపము. విడి ముక్కలు, టైర్లు, డెకాళ్ళు, సూచనల పత్రము కలిపి ఒక అట్టపెట్టెలో అమ్ముతారు. దీనిని కిట్టు అంటారు. జిగురు, రంగులు కొన్నవారే సమకూర్చుకోవలెను. 1950ల నుండి 1980ల వరకు వెలువడిన కిట్లను ఈ అభిరుచి గలవారు సాధారణంగా పాత కిట్లుగా పరిగణిస్తారు.

కొత్త కిట్టుకు, పాత కిట్టుకు నిర్మాణములో చాలా తేడా కలదు. పెట్టె ఎన్నడూ తెరవకపోయినా లోపలి టైర్లు, డెకాళ్ళు, పారదర్శక భాగములు కాలక్రమేణా చెడిపోతూనే ఉంటాయి. మరోవైపు కట్టిన ప్రతి కిట్టుతో ప్రపంచములో కట్టని కిట్టు ఒకటి తగ్గిపోతుంది. ఆ కార్లలో కొన్ని ప్రమాదములలో నాశనమైనవి, మరికొన్ని మరుసటి సంవత్సరపు నిబంధనలకు అనుగుణంగా మార్చివేయబడినవి. కనుక కొన్ని కార్ల విషయములో ఆ కాలములోనే కొలిచి తయారుచేసిన కిట్టు ఒక చారిత్రక ఆధారము వంటిది కూడా.

నిష్పత్తులు

రేసు కారు కిట్లలో ఎక్కువగా కనిపించే నిష్పత్తులు 1/12, 1/20, 1/24, 1/25 మరియు 1/32. అడుగులు, అంగుళముల లెక్కలో 1/12 అనగా అడుగుకు ఒక అంగుళము, 1/24 అనగా అడుగుకు అర అంగుళము. 1960ల నాటి ఫార్ములా వన్ కారు పొడవు సుమారు 4 మీటర్లు అనుకుంటే, దాని 1/12 నమూనా సుమారు 33 సెంటీమీటర్లు, 1/24 నమూనా సుమారు 17 సెంటీమీటర్లు ఉంటుంది. 1/25 ప్రధానంగా అమెరికా కంపెనీలది. కార్ల విక్రయశాలల కొరకు అక్కడ తయారైన ప్రచార నమూనాలు ఈ నిష్పత్తిలో ఉండేవి, కిట్లు కూడా వాటినే అనుసరించినవి. 1/24, 1/25 నమూనాలను పక్కపక్కన పెడితే తేడా కంటికి పెద్దగా ఆనదు. అయితే ఒకదాని చక్రములు మరొకదానికి వాడవలసివచ్చినప్పుడు ఆ తేడా తెలిసివస్తుంది.

చరిత్ర

పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసిన తొలి కిట్లు 1936లో బ్రిటనులో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో వెలువడిన విమాన నమూనాలు. అవి సెల్యులోజ్ అసిటేట్‌తో చేయబడినవి. ఆ పదార్థము కాలము గడిచేకొద్దీ వంకర తిరుగుతుంది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత పాలిస్టైరీన్ చవకగా లభ్యమగుటతో కిట్ల పరిశ్రమ విస్తరించినది. వేడిచేసి కరిగించిన పాలిస్టైరీన్‌ను ఉక్కు అచ్చులోనికి అధిక ఒత్తిడితో పంపితే సన్నని గీతలు, మరమేకుల తలలు కూడా స్పష్టంగా దిగుతాయి. అచ్చు చేయుటకు ఖర్చు ఎక్కువ, కాని ఒకసారి చేసిన తరువాత వేల ప్రతులు తీయవచ్చును. ఈ ఒక్క ఆర్థిక సూత్రము మీదనే కిట్ల వ్యాపారమంతా నడిచినది.

అమెరికాలో రెవెల్ కంపెనీ 1950ల ఆరంభములో పాతకాలపు కార్ల కిట్లతో పేరు పొందినది. ఏఎంటీ కంపెనీ 1958లో ఒకే పెట్టెతో మూడు విధములుగా కట్టగల కిట్లను ప్రవేశపెట్టినది. కొన్నవారు కారును దుకాణములో అమ్మిన రూపములో గాని, సొంత అలంకరణలతో గాని, పందెపు కారుగా గాని కట్టుకొనవచ్చును. అమెరికా బాలురలో చాలామందికి రేసు కారు నమూనాతో తొలి పరిచయము ఈ విధముగానే జరిగినది. తరువాత ఎంపీసీ, జో-హాన్, మోనోగ్రామ్ కంపెనీలు డ్రాగ్ రేసు కార్లను, నాస్కార్ కార్లను విరివిగా విడుదల చేసినవి.

ఐరోపాలో బ్రిటనుకు చెందిన ఎయిర్‌ఫిక్స్, ఫ్రాన్సుకు చెందిన హెల్లర్ ముఖ్యమైనవి. ఇటలీకి చెందిన ప్రోటార్ కథ విశిష్టమైనది. దీనిని స్థాపించిన టార్క్వినియో ప్రొవీని 1957లో 125 సీసీ, 1958లో 250 సీసీ తరగతులలో ప్రపంచ మోటారుసైకిల్ విజేత. 1966లో ఐల్ ఆఫ్ మాన్ పందెములలో తీవ్రంగా గాయపడి పోటీల నుండి విరమించుకొన్నాడు. తన ఇంటి పేరులోని మొదటి మూడు అక్షరములను, సొంత పేరులోని మొదటి మూడు అక్షరములను కలిపి కంపెనీకి పేరు పెట్టినాడు. ప్రోటార్ మోటారుసైకిళ్ళతో పాటు ఫెరారీ ఫార్ములా వన్ కార్లను 1/12 నిష్పత్తిలో తయారుచేసినది. వీటిలో వివరములు ఎక్కువ, కాని భాగములు సరిగా అమరక కట్టేవారిని బాగా శ్రమపెడతాయి.

తమియా

పాత రేసు కారు కిట్లు అనగానే ఎక్కువమందికి ముందుగా గుర్తుకు వచ్చేది జపానుకు చెందిన తమియా కంపెనీ. ఇది 1946లో షిజువోకా నగరములో యోషియో తమియాచే కలప వ్యాపారముగా ప్రారంభించబడినది. మొదట కొయ్య నమూనాలు చేసిన ఈ సంస్థ, దిగుమతియైన ప్లాస్టిక్ కిట్ల పోటీని తట్టుకొనలేక తానూ ప్లాస్టిక్‌కు మారినది. ఎరుపు, నీలము నేపథ్యములో రెండు తెల్ల నక్షత్రములు గల దీని చిహ్నము ఈ రంగములో అందరికీ సుపరిచితము.

1967లో తమియా హోండా ఆర్ఏ273 ఫార్ములా వన్ కారును 1/12 నిష్పత్తిలో విడుదల చేసినది. అసలు కారు 1966 ఇటలీ గ్రాండ్ ప్రీతో రంగప్రవేశము చేసినది. అప్పటి నిబంధనల ప్రకారము కనీస బరువు 500 కిలోలు కాగా ఈ కారు 700 కిలోలకు పైగా తూగేది. 12 సిలిండర్ల శక్తివంతమైన ఇంజను ఉన్నా ఈ బరువే దానికి ప్రతిబంధకమైనది. పందెములలో అంతగా రాణించని కారు నమూనాల చరిత్రలో మాత్రము మైలురాయి అయినది. తరువాత లోటస్ 49, ఫెరారీ 312బి, లోటస్ 72డి, టిరెల్ పి34 మొదలైనవి ఇదే నిష్పత్తిలో వెలువడినవి.

ఆ రోజులలో జపాను కిట్లలో చాలావాటికి చిన్న విద్యుత్ మోటారు, బ్యాటరీలు అమర్చుకొనే ఏర్పాటు ఉండేది. పిల్లలు నేల మీద నడిపించుటకు ఇది అనుకూలమే గాని, బ్యాటరీల కొరకు లోపలి భాగములను వదులుకొనవలసి వచ్చేది. 1976లో విడుదలైన పోర్షే 934 నమూనా కొరకు షున్‌సాకు తమియా ఒక నిజమైన పోర్షే 911 కారును కొని, పూర్తిగా విడదీయించి కొలతలు తీయించినాడు. కేవలము నమూనా అమ్మకములతో ఈ ఖర్చు తిరిగిరాదని భావించి, అదే కారును రేడియో ద్వారా నడిచే బొమ్మగా కూడా అదే సంవత్సరము విడుదల చేసినారు. తమియా రేడియో కంట్రోల్ కార్లకు ఇదే ఆరంభము. సంస్థను ప్రపంచ ప్రసిద్ధము చేసిన షున్‌సాకు తమియా 2025 జూలైలో తన 90వ ఏట మరణించినాడు.

నమూనాలో కనిపించే ఇంజనీరింగు

మంచి కిట్టును కట్టేటప్పుడు అసలు కారు ఏ విధముగా కూర్చబడినదో చేతికి తెలుస్తుంది. పుస్తకములో చదివినప్పుడు కొరుకుడుపడని విషయములు కొన్ని ఇక్కడ సులభముగా అర్థమవుతాయి.

లోటస్ 49 ఇందుకు చక్కని ఉదాహరణ. సాధారణ కారులో ఇంజను ఒక చట్రములో కూర్చొని ఉంటుంది. లోటస్ 49 లో డ్రైవరు వెనుకభాగముతో చట్రము ముగుస్తుంది. అక్కడి నుండి కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజనే చట్రము పని కూడా చేస్తుంది. వెనుక చక్రముల బరువు, కుదుపులు అన్నీ ఇంజను ద్వారానే ముందుభాగానికి చేరుతాయి. 1/12 కిట్టులో కూడా ఇంజనును తొట్టి వంటి ముందుభాగమునకు వెనుక నుండి అతికించి, దానికి వెనుక సస్పెన్షను తగిలించవలెను. ఇంజను కొద్దిగా వంకరగా అతికితే నాలుగు చక్రములలో ఒకటి నేలను తాకదు. అసలు కారులో ఆ అతుకు ఎంత కీలకమో ఇంతకంటే బాగా చెప్పుట కష్టము. ఈ కారు 1967 జూన్ 4న జాండ్‌ఫూర్ట్‌లో జరిగిన డచ్ గ్రాండ్ ప్రీలో, తన మొదటి పందెములోనే, జిమ్ క్లార్క్ చేతిలో విజయము సాధించినది.

లోటస్ 72 లో రేడియేటర్లు ముక్కు నుండి ఇరు పక్కలకు మారినవి. ముందు బ్రేకులు చక్రములలో కాక కారు లోపలి వైపు ఉండి, సన్నని ఇరుసులతో చక్రములకు కలుపబడినవి. కిట్టులో ఈ ఇరుసులు అగ్గిపుల్ల కంటే సన్నని ముక్కలుగా వస్తాయి. 1970 సెప్టెంబరు 5న మోంజాలో యోఖెన్ రింట్ మరణించిన ప్రమాదమునకు ముందు బ్రేకు ఇరుసు విరుగుట కారణమని భావించబడినది. ఆ సంవత్సరము ప్రపంచ విజేత బిరుదు ఆయనకు మరణానంతరము లభించినది.

టిరెల్ పి34 కు ఆరు చక్రములు. ముందువైపు 10 అంగుళముల చిన్న చక్రములు నాలుగు ఉంటాయి. వీటిని ముక్కు చాటున దాచి గాలి నిరోధమును తగ్గించుట డెరెక్ గార్డ్‌నర్ ఉద్దేశము. 1976లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో ఈ కార్లు మొదటి రెండు స్థానములు పొందినవి. చిన్న టైర్ల అభివృద్ధి కుంటుపడుటతో 1977 తరువాత వాడుక మానివేసినారు. కిట్టు కట్టేవారికి దీనిలో నాలుగు ముందు చక్రములను ఒకే కోణములో తిరిగేటట్లు అమర్చుటయే అసలు పరీక్ష.

పాత కిట్టులో ఎదురయ్యే సమస్యలు

పెట్టె తెరవగానే చేయవలసిన మొదటి పని, ముక్కలను సూచనల పత్రముతో సరిచూచుకొనుట. ముక్కలు తక్కువైతే నిర్మాణము మధ్యలో ఆగిపోతుంది. ముక్కలన్నీ ఉన్నవని తేలిన తరువాత కింది సమస్యలను గమనించవలెను.

టైర్లు: పాత కిట్లకు ఇవి అతి పెద్ద శత్రువులు. మెత్తని వినైల్ టైర్లలో వాటిని మెత్తగా ఉంచుటకు కలిపిన రసాయనము సంవత్సరముల తరబడి మెల్లగా బయటకు వచ్చి, తగిలిన పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. రిమ్ము మీద టైరు కూర్చున్న చోట గాడి పడుతుంది, ఒక్కొక్కసారి రెండూ విడదీయరాకుండా అతుక్కుపోతాయి. పెట్టెలో టైరు బాడీ మీద పడి ఉంటే పైకప్పు మీద టైరు గుర్తు దిగిన సందర్భములూ ఉన్నాయి. కనుక కిట్టు కొన్న వెంటనే టైర్లను వేరే సంచిలో ఉంచవలెను. కట్టేటప్పుడు రిమ్ముకు, టైరుకు మధ్య పలుచని లోహపు రేకు చుట్టుట మంచి పద్ధతి.

వంకర తిరిగిన ముక్కలు: పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెత్తబడుతుంది. అందువలన మరుగుతున్న నీళ్ళు పనికిరావు. చెయ్యి పెట్టలేనంత వేడిగా, మరగని నీటిలో ముక్కను కొంతసేపు ఉంచి, మెల్లగా సరిచేసి, చల్లని నీటిలో ముంచవలెను. ఒకేసారి పూర్తిగా సరిచేయాలని ప్రయత్నిస్తే విరుగుతుంది. రెండు మూడు విడతలుగా చేయుట మేలు.

క్రోము పూత: మెరిసే భాగములకు శూన్యములో అల్యూమినియము పూత వేస్తారు. పాతబడిన పూత పొరలుగా లేస్తుంది. బట్టలకు వాడే బ్లీచు ద్రవములో నానవేస్తే పూత కరిగిపోయి ప్లాస్టిక్ మిగులుతుంది. ఈ ద్రవమును ఆమ్లములతో గాని, అమ్మోనియాతో గాని ఎన్నడూ కలుపరాదు, విషవాయువులు వెలువడతాయి.

నిర్మాణ విధానము

ముక్కలు అచ్చు నుండి సులభముగా ఊడుటకు పూసిన నూనె పదార్థము వాటిమీద కొంత మిగిలి ఉంటుంది. అందుచేత ముందుగా సబ్బు నీటితో కడిగి ఆరబెట్టవలెను. ముక్కలను చట్రము నుండి చేతితో విరువరాదు. చిన్న కటింగ్ ప్లేయరుతో ముక్కకు కొద్ది దూరములో కత్తిరించి, మిగిలిన మొటికను పదునైన కత్తితో చెక్కి, నీటిలో తడిపిన సన్నరకపు ఉప్పు కాగితముతో రుద్దవలెను. అచ్చు రెండు భాగములు కలిసిన చోట ఏర్పడే సన్నని గీతను కూడా ఇదే విధముగా తొలగించవలెను. పోత చల్లారునప్పుడు దళసరి చోట్ల పడిన గుంటలను నమూనాల లప్పముతో పూడ్చవలెను. గోడలకు వాడే లప్పము ప్లాస్టిక్‌ను పట్టుకొనదు.

నమూనాల జిగురు మామూలు అర్థములో జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగించే ద్రావణి. రెండు అంచులలోని పాలిస్టైరీన్ మెత్తబడి, ఒకదాని అణువుల గొలుసులు రెండవదానిలోనికి చొచ్చుకొనిపోతాయి. ద్రావణి ఆవిరైన తరువాత అతుకు స్థానములో ఒకే ముక్క మిగులుతుంది. ఒక విధముగా ఇది వెల్డింగు వంటిది. పలుచని ద్రావణిని రెండు ముక్కలు కలిపి పట్టుకొని సందు దగ్గర కుంచెతో తాకిస్తే కేశాకర్షణము వలన అదే లోపలికి పాకుతుంది. క్రోము పూత లేదా రంగు ఉన్న చోట ఈ ద్రావణి పనిచేయదు కనుక అతుకు స్థలములో పూతను గీకివేయవలెను. అతుకు కొద్ది నిమిషములలో గట్టిపడినట్లు కనిపించినా పూర్తి బలము రావడానికి ఒక రోజు పడుతుంది. కారు అద్దములకు తెల్లని పీవీఏ జిగురు వాడుట క్షేమము. సూపర్ గ్లూ ఆవిరి అద్దమును తెల్లగా మసకబారుస్తుంది.

కట్టే క్రమమును సూచనల పత్రము చెప్పినా, రంగు వేయుటకు వీలుగా దానిని మార్చుకొనవలసి ఉంటుంది. ఇంజను, చట్రము, బాడీలను విడివిడిగా పూర్తిచేసి చివరలో కలుపుట సాధారణ పద్ధతి. ఏ భాగమునైనా అతికించే ముందు జిగురు లేకుండా అమర్చి చూచుట తప్పనిసరి. పాత కిట్లలో ఇది మరీ ముఖ్యము.

రంగులు

1968కి పూర్వము గ్రాండ్ ప్రీ కార్లు ఎక్కువగా దేశముల రంగులలో ఉండేవి. బ్రిటనుకు ముదురు ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకు నీలము, జర్మనీకి తెలుపు లేదా వెండి, జపానుకు ఎర్ర సూర్యబింబముతో దంతపు తెలుపు. 1968లో లోటస్ జట్టు గోల్డ్ లీఫ్ సిగరెట్ల రంగులు ధరించుటతో ప్రకటనల యుగము ఆరంభమైనది. కనుక ఒక కారు ఏ సంవత్సరము, ఏ పందెము నాటిదో నిర్ణయించుకొన్న తరువాతే రంగు కొనవలెను. ఒకే ఋతువులో కూడా రెక్కలు, అద్దములు, అంకెలు మారేవి. పెట్టె మీది చిత్రమును గుడ్డిగా నమ్మరాదు. ఆనాటి ఛాయాచిత్రములే ప్రమాణము.

మొదట పలుచగా ప్రైమరు వేసి, లోపములు సరిచేసి, తరువాత అసలు రంగును పలుచని పొరలుగా వేయవలెను. ఎనామెల్ పొర మీద లాక్వరు వేస్తే కింది పొర ముడుచుకుపోతుంది. లాక్వరు మీద ఎనామెల్ వేయవచ్చును. ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన పాత కిట్లకు తెలుపు వేస్తే కొన్నాళ్ళకు గులాబీ ఛాయ తేలుతుంది. ఆ ఎరుపు పైకి పాకకుండా ముందుగా వెండి రంగు పొర వేస్తారు. వర్షాకాలములో, గాలిలో తేమ అధికముగా ఉన్న రోజులలో లాక్వరు తెల్లబారుతుంది. అటువంటి రోజు పని వాయిదా వేయుటయే ఉత్తమము.

డెకాళ్ళు

కారు అంకెలు, ప్రకటనలు, గీతలు డెకాళ్ళ రూపములో వస్తాయి. వీటిని నీటిలో ముంచి, కాగితము మీద నుండి జార్చి అంటిస్తారు. పాత డెకాళ్ళు పసుపుబారుతాయి, లేదా నీటిలో వేయగానే ముక్కలుగా విడిపోతాయి. పసుపుబారిన పత్రమును పారదర్శకమైన సంచిలో పెట్టి ఎండ తగిలే కిటికీకి కొన్ని రోజులు అంటించి ఉంచితే పసుపు చాలావరకు విరిగిపోతుంది. విడిపోకుండా ఉండుటకు పత్రము మొత్తము మీద పారదర్శక లాక్వరు ఒక పొర చల్లి, ఆరిన తరువాత ఒక్కొక్క బొమ్మను అంచు వెంబడి కత్తిరించి వాడవలెను. ఏదైనా చేయుటకు ముందు పత్రమును స్కాన్ చేసి భద్రపరచుకొంటే, చెడినా తిరిగి ముద్రించుకొనుటకు వీలుంటుంది. పొగాకు ప్రకటనల మీది ఆంక్షల కారణముగా తరువాతి ముద్రణలలో సిగరెట్ల పేర్లు చాలావరకు తొలగించబడినవి. అందువలన పాత పెట్టెలోని అసలు డెకాళ్ళకు గిరాకీ ఎక్కువ.

జాగ్రత్తలు

ద్రావణులు, లాక్వర్లు, స్ప్రే రంగులు గాలి బాగా ఆడే చోట, మంటకు దూరముగా వాడవలెను. కొన్ని పాత జిగురులలో డైక్లోరోమీథేన్ ఉండేది. దీని హానికర లక్షణముల వలన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో ఇది గల గృహవినియోగ వస్తువులను నిషేధించినది. పాత పెట్టెలో దొరికిన జిగురును వాడకపోవుటయే మంచిది. పిల్లలు కత్తి వాడేటప్పుడు పెద్దలు దగ్గర ఉండవలెను.

కట్టవలెనా, దాచవలెనా

పాత కిట్టు చేతికి వచ్చినవారికి ఈ ప్రశ్న తప్పదు. తెరవని కిట్టుకు సేకర్తలలో విలువ ఎక్కువ, కట్టినదానికి సాధారణంగా తక్కువ. అయితే పైన చెప్పినట్లు తెరవని పెట్టె అంటే చెడని పెట్టె అని అర్థము కాదు. టైరు రసాయనము పెట్టె లోపల కూడా తన పని తాను చేస్తూనే ఉంటుంది. కంపెనీ తిరిగి విడుదల చేసిన కిట్టు ఏదైనా ఉంటే ఈ సమస్య తేలికవుతుంది. తమియా తన 1/12 కార్లలో పలు కిట్లను రసాయనముతో చెక్కిన లోహపు భాగములను చేర్చి తిరిగి విడుదల చేసినది. అటువంటప్పుడు కొత్త ముద్రణను కట్టుకొని పాతదానిని ఉంచుకొనవచ్చును.

అన్ని కిట్లకు ఈ అవకాశము లేదు. 1960లలో అమెరికా కంపెనీలు ప్రతి సంవత్సరము కొత్త కారు రూపము కొరకు పాత అచ్చునే చెక్కి మార్చేవి. కొన్ని మామూలు కార్ల అచ్చులను తలుపులు మూసివేసి, చక్రముల పైభాగము కోసి పందెపు కార్లుగా మార్చివేసినారు. ఉక్కు ఒకసారి కోసిన తరువాత పూర్వరూపము తిరిగి రాదు. కంపెనీలు చేతులు మారినప్పుడు కొన్ని అచ్చులు చెల్లాచెదురైనవి. ఏఎంటీ 1978లో లెస్నీకి, తరువాత ఎర్టెల్‌కు అమ్ముడుపోయినది. రెవెల్, మోనోగ్రామ్ 1986లో ఒకే యాజమాన్యము కిందికి వచ్చినవి. ప్రోటార్ అచ్చులలో కొన్ని మాత్రము ఇటలెరీ కంపెనీకి చేరి, ఫియట్ 806 వంటి కార్లు తిరిగి దుకాణములకు వచ్చినవి.

ఎవరో బాల్యములో హడావిడిగా కట్టి, జిగురు మరకలతో, దళసరి రంగుతో వదిలివేసిన నమూనాలు తక్కువ ధరకు దొరుకుతాయి. అచ్చు లేని కిట్లకు ఇవే మిగిలిన దారి. ఎనామెల్ రంగును ప్లాస్టిక్‌కు హాని చేయని ద్రవములతో తొలగించి, అతుకులను జాగ్రత్తగా విడదీసి తిరిగి కట్టవచ్చును. ద్రావణితో బాగా అతికిన చోట విడదీయుట సాధ్యము కాదు కనుక, ఆ అతుకు వెంబడి సన్నని రంపముతో కోయవలెను. ఈ పనికి కొత్త కిట్టు కట్టుటకన్న ఎక్కువ కాలము పడుతుంది. తప్పిపోయిన భాగమును మరొక నమూనా నుండి రెసిన్‌తో పోతపోసి గాని, ఇటీవలి కాలములో త్రీడీ ముద్రణ ద్వారా గాని సమకూర్చుకొంటున్నారు.